చక్రాల వణుకు డాంపర్‌తో పోదు: పాత జిప్సీ ముందు యాక్సిల్ పని

బండి 1998 నాటి మారుతి జిప్సీ కింగ్. 1298 సీసీ కార్బురేటర్ ఇంజను, అయిదు గేర్లు, ముందూ వెనకా కమాన్ కట్టలే. దానికి రెండు జబ్బులు. యాభై అయిదు, అరవై మధ్య స్పీడులో చిన్న గతుకు తగిలినా స్టీరింగ్ గడగడా వణికేది, నలభైకి దించితే గానీ ఆగేది కాదు. విశాఖ నుంచి ఆనందపురం వైపు హైవే ఎక్కితే వంతెన జాయింట్ల దగ్గర ఇది ఖాయం. రెండోది, ముందు చక్రాల లోపలి వైపు గ్రీసో ఆయిలో తెలియని నల్లటి ద్రవం కారి టైరు గోడకి పట్టేది.

ఈ రెంటినీ వేర్వేరుగా చూసి వేర్వేరుగా డబ్బు పెట్టేవాళ్లే ఎక్కువ. వణుకుకి స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) మారుస్తారు, టైర్లు బ్యాలెన్స్ చేయిస్తారు. కారుతున్న చోట బయట కనిపించే రబ్బరు సీలు ఒక్కటీ మార్చి పైన సిలికాన్ పూస్తారు. కొత్త డాంపర్ వేసిన కొన్నాళ్లు వణుకు నిజంగానే తగ్గుతుంది, అక్కడే మోసం. డాంపర్ ఊపుని మింగుతుంది గానీ ఊపు పుట్టే లూజుని తియ్యదు. ఆ లూజు లోపల పెరుగుతూనే ఉంటుంది, డాంపర్ అరిగాక వణుకు మునుపటికంటే గట్టిగా తిరిగొస్తుంది. పాత జిప్సీలో ఈ రెండు జబ్బులకీ మూలం తరచూ ఒకటే చోట ఉంటుంది: యాక్సిల్ చివర గుండూ, దాన్ని పట్టుకుని చక్రాన్ని మోసే నకిలూ.

అక్కడేముందో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతి కొలతలకి అర్థం ఉండదు. ముందు యాక్సిల్ గొట్టం రెండు చివర్లా బోలు గుండ్లు ఉంటాయి. ఒక్కో గుండు మీద నకిల్ టోపీలా కూర్చుంటుంది. పైనొక కింగ్ పిన్, కిందొక కింగ్ పిన్, ఒక్కోదానికి ఒక టేపర్ రోలర్ బేరింగు. చక్రం కుడికీ ఎడమకీ తిరిగేది ఈ రెండు బేరింగుల మీదే. గుండు లోపల యాక్సిల్ రాడ్డు, దాని చివర సీవీ జాయింట్ (చక్రం పక్కకి తిరిగినా శక్తిని అందించే కీలు), చుట్టూ గ్రీసు. గొట్టం లోపల డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తిని పంచే గేర్లు) ఆయిలు. ఆ ఆయిల్ గుండులోకి రాకుండా రాడ్డు మీద లోపలి ఆయిల్ సీలు ఒకటి, గుండులోని గ్రీసు బయటికి రాకుండా, బయటి నీళ్లూ మట్టీ లోపలికి పోకుండా గుండు వెనక రబ్బరు, ఫెల్టు, రేకులతో కూడిన బయటి సీలు ఒకటి.

లోపలి సీలు పోతే గేరాయిల్ గుండులోకి వచ్చి గ్రీసుని కరిగిస్తుంది. కరిగిన గ్రీసుని బయటి సీలు ఆపలేదు, దాని పని అది కాదు. కాబట్టి టైరు వెనక నల్లగా కారుతుంటే బయటి సీలు కన్నా లోపలి సీలుని ముందు అనుమానించాలి. గ్రీసు కొట్టుకుపోయాక కింది కింగ్ పిన్ బేరింగు ఎండిపోతుంది, తుప్పు పడుతుంది, లూజు వస్తుంది. వణుకు అక్కడ మొదలవుతుంది.

లూజు ఎక్కడుందో విప్పకముందే తేల్చుకోవచ్చు. చక్రం పైకి లేపి పైనా కిందా చేతులేసి ఊపాలి. టక్ టక్ మంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది హబ్ బేరింగు లూజు. పోకపోతే కింగ్ పిన్. పక్కలకి పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్లు చూడాలి. రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్‌కి రెండు, స్టీరింగ్ నుంచి వచ్చే డ్రాగ్ లింక్‌కి రెండు ఎండ్లు, అంటే చివరి కీళ్లు ఉంటాయి. చక్రాలు నేల మీదే ఉంచి ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా కదుపుతుంటే కింద ఒక్కో ఎండ్ మీద వేలు పెడితే లూజు వేలికే తెలుస్తుంది. ఈ బండికి ఎడమ వైపు కింగ్ పిన్ లూజు, కుడి వైపు కింగ్ పిన్నూ హబ్బూ రెండూ లూజు. టై రాడ్ ఎండ్లు బాగానే ఉన్నాయి.

విప్పకముందు చూడాల్సింది ఇంకొకటుంది, బ్రీదర్. యాక్సిల్ గొట్టం మీద చిన్న గాలి దారి ఉంటుంది. మట్టితో అది మూసుకుపోతే, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిల్ వేడెక్కి లోపలి గాలి ఉబ్బి సీళ్ల మీదుగా ఆయిల్‌ని బయటికి నెడుతుంది. అదే వేడి యాక్సిల్‌ని చల్లటి గెడ్డలోకి, అంటే వాగులోకి దించితే లోపల గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లని లాక్కుంటుంది. ఈ బండి బ్రీదర్‌లో ఎర్రమట్టి రాయిలా గట్టిపడి ఉంది. కొత్త సీళ్లు వేసి దీన్ని వదిలేస్తే ఆ సీళ్లూ నిలవవు.

సామానంతా ఒకేసారి తెచ్చుకుంటే పని సగంలో ఆగదు. కింగ్ పిన్ బేరింగులు నాలుగు, కప్పులతో (రోలర్లు ఆనే బయటి రింగులతో) సహా. లోపలి ఆయిల్ సీళ్లు రెండు. బయటి సీలు సెట్లు రెండు. హబ్ బేరింగులు నాలుగు, హబ్ సీళ్లు రెండు, హబ్ లాక్ వాషర్లు రెండు, స్పిండిల్ (హబ్ బేరింగులు కూర్చునే బోలు ఇరుసు) లోపలి బుష్‌లు రెండు. 0.1 మి.మీ., 0.5 మి.మీ. కింగ్ పిన్ షిమ్‌లు (సందు సరిచేసే పలచటి రేకు ముక్కలు) కొన్ని. లిథియం గ్రీసు కేజీ డబ్బా, సీవీ జాయింట్‌కి మోలీ గ్రీసు అరకేజీ, డిఫరెన్షియల్‌లకి గేరాయిల్ నాలుగు లీటర్లు, కడగడానికి డీజిల్ అయిదు లీటర్లు. గాజువాక ఆటోనగర్‌లో ఇవన్నీ దొరుకుతాయి గానీ, బండి పేరు చెప్పి అడగడం కన్నా పాత బేరింగు మీద కొట్టిన నంబరు చూపించి అదే నంబరు అడగడం మేలు. సీళ్లకి లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడూ వెర్నియర్‌తో కొలిచి రాసుకెళ్లాను. పెట్టె మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి ఉన్న సీలు ఒకటి కౌంటర్ మీదే బయటపడింది. మందం రెండు మి.మీ. తక్కువ.

విప్పే వరుస ఇది. వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, యాక్సిల్ కింద రెండు స్టాండ్లు పెట్టాలి, జాకీ మీద వదిలేసి కింద దూరకూడదు. డిఫరెన్షియల్ ఆయిల్ ముందే దించాలి, లేకపోతే రాడ్డు లాగగానే నేలంతా అదే. దించే ముందు పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి. కింది ప్లగ్ విప్పి ఆయిల్ అంతా వదిలేశాక పై ప్లగ్ పట్టేసి ఉంటే బండి అక్కడే ఉండిపోతుంది. బ్రేక్ క్యాలిపర్ విప్పి బైండింగ్ తీగతో కమాన్‌కి వేలాడదీయాలి, హోస్ మీద వేలాడనిస్తే అది లోపల చీలుతుంది, బయటికి కనపడదు.

హబ్ నట్టుకి వెడల్పాటి గొట్టపు బాక్సు కావాలి. దీన్ని ఉలీ సుత్తీ పెట్టి విప్పడం చాలా షెడ్డుల్లో అలవాటు. ఈ బండి నట్ల అంచులు కూడా అలాగే నలిగి ఉన్నాయి. ఉలితో విప్పిన నట్టుని ఉలితోనే బిగించాలి, అప్పుడు బేరింగు బిగువుకి లెక్కంటూ ఉండదు. నట్టు కొలత ఇచ్చి లేత్ మీద గొట్టం బాక్సు చేయించుకున్నాను, నట్లు కొత్తవి వేశాను. హబ్ వచ్చాక స్పిండిల్‌కి ఎనిమిది బోల్టులు. అవి విప్పినా స్పిండిల్ పట్టుకునే ఉంటుంది. ఇత్తడి కడ్డీ ఆనించి చుట్టూ కొంచెం కొంచెం కొడితే వదులుతుంది, ఒకే చోట కొడితే ఇరుక్కుంటుంది. తర్వాత రాడ్డు నేరుగా బయటికి లాగేయొచ్చు. ఎడమ, కుడి రాడ్లు ఒకే పొడుగు కావు.

టై రాడ్ ఎండ్ ఊడదీయడానికి ఫోర్కు వాడితే దాని రబ్బరు బూటు చిరుగుతుంది. నట్టు నాలుగు మరలు వదులు చేసి, నకిల్ చెయ్యి కన్ను దగ్గర ఒక వైపు బరువైన సుత్తి ఆనించి రెండో వైపు ఇంకో సుత్తితో గట్టిగా ఒక్కటి కొడితే చాలు, టేపర్ వదిలేస్తుంది. బయటి సీలు రేకుల్ని పట్టుకున్న ఎనిమిది చిన్న బోల్టులే ఈ పనిలో ఎక్కువ బాధ పెట్టేవి. ఉప్పుగాలికి తలలు తినేసి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచినా కుడి వైపు రెండు విరిగాయి. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చుక్క నింపి, ఎర్రదనం పోయాక పానాతో తిప్పితే రెండూ వచ్చేశాయి. ఆ వేడే మరలోని తుప్పుని విడగొడుతుంది.

కింగ్ పిన్‌లు విప్పేటప్పుడు పైదీ కిందిదీ, ఎడమదీ కుడిదీ కలవకూడదు. దేని షిమ్‌లు దానికే తీగ కట్టి, డబ్బా మూత మీద పేరు రాసి పెట్టాలి. కింగ్ పిన్‌లు రాగానే నకిల్ చేతిలోకి వచ్చేస్తుంది, కింది బేరింగు జారి పడుతుంది.

ఎడమ వైపు కింది కప్పు డీజిల్‌తో కడిగి ఎండలో పెట్టి చూస్తే విషయం కనపడింది. లోపలి మెరిసే గోడ మీద వరసగా నిలువు గీతలు, రోలరు ఎంత పొడుగో గీత అంత పొడుగు. గోరు పెట్టి నెమ్మదిగా తిప్పితే ఒక్కో గీత దగ్గరా టిక్కుమని ఆగుతుంది. గీతల మధ్య లోహం అద్దంలా ఉంది, గీతల్లో ముదురు గోధుమ రంగు. కారణం సూటిగానే ఉంటుంది. ఈ బేరింగు చక్రాల బేరింగులా గుండ్రంగా తిరగదు. బండి నేరుగా పోయినంత సేపూ రోలర్లు అదే చోట నిలబడి గతుకు దెబ్బలన్నీ అక్కడే తింటాయి. గ్రీసు లేకపోతే ఆ చోట కప్పు నొక్కుకుపోతుంది. అలాంటి బండి స్టీరింగ్ నడిమధ్యలో ఒక గాడిలో పడ్డట్టు అనిపిస్తుంది, పక్కకి తిప్పితే వదులవుతుంది. ఇలా గీతలు పడ్డ కప్పులో కొత్త బేరింగు వెయ్యడం దండగ, కప్పు కూడా మారాలి. షిమ్ తగ్గించి బిగించినా ఉపయోగం లేదు, మధ్యలో సరిపోయిన బిగువు మలుపులో పట్టేస్తుంది.

లోపలి ఆయిల్ సీలు దగ్గర ఇంకో సంగతి. రాడ్డు మీద సీలు పెదవి ఆనే చోట గాడి పడి ఉంది, గోరు అందులో దిగుతోంది. కొత్త సీలు పాత లోతులోనే కొడితే పెదవి ఆ గాడిలోనే కూర్చుంటుంది, మళ్లీ కారుతుంది. సీలు గూడులో చోటుంది కాబట్టి ఒకటిన్నర మి.మీ. పైకే ఆపి కొట్టాను, పెదవి నున్నటి చోట ఆనింది. ఎంత పైకి ఆపినా సీలు వంకర లేకుండా అన్ని వైపులా ఒకే లోతులో ఉండాలి. నాలుగు చోట్ల కొలిచి చూసుకోవాలి.

గుండ్లని 320 నంబరు ఎమరీతో, ఆ తర్వాత 600తో నీళ్లు తడిపి రుద్దాను. సముద్రం గాలి తిన్న గుండు మీద చిన్న చిన్న గుంటలుంటాయి. ఆ గుంటల అంచులే బయటి సీలుని రంపంలా కోస్తాయి. లోతైన గుంటల్లో స్టీలు పొడి కలిసిన ఎపాక్సీ నింపి, మర్నాడు గట్టిపడ్డాక గుండు వంపు చెడకుండా రుద్దేశాను. కడగడానికి డీజిలే వాడాలి. పెట్రోలుకి నిప్పు ప్రమాదం ఉంది.

పాత కప్పుల్ని ఇత్తడి కడ్డీతో ఒకసారి ఈ పక్కా ఒకసారి ఆ పక్కా కొడుతూ దించాలి. కొత్త కప్పులు రాత్రంతా ఫ్రీజర్లో ఉంచితే కాస్త ముడుచుకుని తేలిగ్గా దిగుతాయి. పాత కప్పు బయటి వ్యాసాన్ని గ్రైండింగ్ రాయి మీద కొద్దిగా అరగదీసి, దాన్నే కొత్త కప్పు మీద పెట్టి కొట్టడానికి వాడుకున్నాను. కప్పు అడుగుకి తగిలినప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది, బొద్దు చప్పుడు పోయి ఖంగుమంటుంది. అంతవరకు ఆపకూడదు.

ఇక ఈ పని మొత్తానికీ ప్రాణం కింగ్ పిన్ ప్రీలోడ్, అంటే బేరింగుల మీద ఉంచే ముందస్తు బిగువు. ఇక్కడ ఎవరూ కొలవరు. పక్కనుండి చూస్తున్న పెద్ద మేస్త్రి అన్నమాట కూడా అదే: "షిమ్ములూ గిమ్ములూ ఏటికి బాబూ, ఉన్నయి ఒగ్గీసి గట్టిగా బిగించీండి, సరిపోద్ది." బోల్టులు ఎంత బిగించినా ప్రీలోడ్ మారదు. కింగ్ పిన్ అంచు నకిల్‌కి ఆనేదాకానే బోల్టు దాన్ని లోపలికి నెడుతుంది. ఎంత లోపలికి పోవాలో తేల్చేది ఆ అంచు కిందున్న షిమ్ మందమే. షిమ్ తగ్గిస్తే బిగువు పెరుగుతుంది, చేరిస్తే తగ్గుతుంది.

కొలిచే పద్ధతి: యాక్సిల్ రాడ్డు లేకుండా, బయటి సీలు వెయ్యకుండా, టై రాడ్ తగిలించకుండా, నకిల్‌ని ఒక్కదాన్నే కొత్త బేరింగులతో గుండు మీద కట్టాలి. బేరింగులకి గ్రీసు పెట్టాలి. కింగ్ పిన్ బోల్టులు రెండు నుంచి మూడు కేజీ-మీటర్ల టార్కుకి బిగించాలి. నకిల్‌ని అటూ ఇటూ ఒక పదిసార్లు తిప్పి రోలర్లు కుదురుకోనివ్వాలి. తర్వాత టై రాడ్ ఎండ్ కూర్చునే కన్నానికి స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి, నకిల్ చేతికి అడ్డంగా తొంభై డిగ్రీల కోణంలో మెల్లగా లాగాలి. నకిల్ కదలడం మొదలెట్టిన క్షణంలో కాటా 1.0 కేజీకీ 1.8 కేజీకీ మధ్య చూపించాలి. దీనికి ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు తూచే కొక్కెం కాటా సరిపోతుంది, కానీ అయిదు కేజీలది తీసుకోవాలి. యాభై కేజీల కాటా మీద కేజీ, కేజీన్నర తేడా కంటికి ఆనదు. ముందుగా కేజీ పంచదార ప్యాకెట్ తగిలించి కాటా నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి.

ఎడమ వైపు పాత షిమ్‌లన్నీ పెట్టి చూస్తే 0.5 కేజీ. పై కింగ్ పిన్ కింద ఒక 0.1 మి.మీ. షిమ్ తీశాను, 1.5 వచ్చింది. మూడుసార్లు లాగినా అంతే. అక్కడితో అయిపోయింది. కుడి వైపు పాత షిమ్‌లతో 0.8. ఒక 0.1 తీస్తే ఏకంగా 2.3. అది ఎక్కువ, పెడితేనేమో తక్కువ. షిమ్ తిరిగి పెట్టి, కింగ్ పిన్ మళ్లీ విప్పి అంచు కింద వెలుతురు పెట్టి చూస్తే పాత సిలికాన్ పొర ఒకటి లోహం రంగులోనే అంటుకుని ఉంది. ఆ పొర కూడా షిమ్ లాగే పనిచేస్తుంది. బ్లేడుతో గీకేసి, మొదటి షిమ్‌లతోనే మళ్లీ కడితే 1.4. ఈ పొర కళ్లపడకుండా తక్కువ బిగువుతోనే కట్టేసి ఉంటే, కొన్నాళ్లకి సిలికాన్ నలిగి బిగువు దానంతటదే మారిపోయేది. అందుకే షిమ్‌లున్న చోట సిలికాన్ పుయ్యకూడదు. నీళ్లకి అడ్డం కావాలంటే అంచు చుట్టూ బయటినుంచి సన్నగా రాస్తే చాలు.

బిగువు తక్కువైతే వణుకు. ఎక్కువైతే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే గట్టిగా ఉంటే మంచిదేగా అనే ఆలోచన తేలిగ్గా వస్తుంది. బిగువు మూడు, నాలుగు కేజీలకి పోతే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఘాట్ మలుపుల్లో ప్రతిసారీ లాగి సరిచెయ్యాలి, చేతులు నొప్పెడతాయి. రోలర్లు కప్పుల్ని తొందరగా నొక్కేస్తాయి. అంతా అయ్యేసరికి పాత గీతలే మళ్లీ.

బిగువు తేలాక నకిల్‌ని మళ్లీ విప్పి బయటి సీలు గుండు వెనక్కి ఎక్కించి, నకిల్‌ని అవే షిమ్‌లతో తిరిగి కట్టాను. ఫెల్టుని ముందు ఇంజను ఆయిల్లో నానబెట్టి పిండాను. ఎండు ఫెల్టు గుండుని గీకుతుంది. సీవీ జాయింట్‌లో మోలీ గ్రీసు వేలితో నొక్కి బాల్స్ మధ్యనుంచి అవతలికి వచ్చేదాకా నింపాలి. గుండు లోపల ఖాళీ మాత్రం పూర్తిగా నింపకూడదు. వేడికి గ్రీసు ఉబ్బితే దానికి చోటు కావాలి, లేకపోతే బయటి సీలే దారి. రాడ్డు లోపలికి పంపేటప్పుడు ఒక చెయ్యి కింద ఆనించి బరువు మోస్తూ పంపాలి. రాడ్డు బరువంతా సీలు పెదవి మీద ఆనిస్తూ తోస్తే రాడ్డు చివరి స్ప్లైన్ పళ్ల అంచులు పెదవిని చీరుస్తాయి. మొదటిసారి చేసేవాళ్ల కొత్త సీలు వారం తిరక్కుండా కారడానికి ఇదే కారణం.

హబ్ బేరింగులకి గ్రీసు అరచేతిలో పెట్టుకుని బేరింగు వెడల్పు అంచుని దాంట్లోకి దబ్బుదబ్బున నొక్కుతూ అవతలి అంచులోంచి గ్రీసు పురుగుల్లా బయటికి వచ్చేదాకా ఎక్కించాలి. లోపలి నట్టుని చక్రం తిప్పుతూ గట్టిగా బిగించి, వదులు చేసి, మళ్లీ ఒకటి నుంచి ఒకటిన్నర కేజీ-మీటరు దాకా బిగించాను. లాక్ వాషర్ వేసి బయటి నట్టు బిగించాక మళ్లీ చూసుకోవాలి, బయటి నట్టు లోపలి నట్టుని కొంచెం నొక్కుతుంది. చక్రం చేత్తో తేలిగ్గా తిరగాలి, పైనా కిందా పట్టి ఊపితే చప్పుడు ఉండకూడదు. అప్పుడు లాక్ వాషర్ చెవి వంచాలి.

ఆయిల్ ముందు డిఫరెన్షియల్‌కి 2.0 లీటర్లు, వెనకదానికి 1.5 లీటర్లు, జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90. పనిలో పనిగా గేర్‌బాక్సుకి 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకి (ముందు వెనక యాక్సిల్స్‌కి శక్తిని పంచే పెట్టె) 0.8 లీటరు మార్చాను. గేర్‌బాక్సుకి జీఎల్-4 పోశాను. జీఎల్-5లో కలిపే గంధకపు మందులు డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్లకి మంచివే గానీ, గేర్‌బాక్సులోని ఇత్తడి సింక్రోనైజర్ రింగుల్ని తినే గుణం వాటికుంది. బ్రీదర్ కన్నం శుభ్రం చేసి, దానికి రబ్బరు గొట్టం తగిలించి ఇంజను గది గోడ పైదాకా తీసుకెళ్లి చివర చిన్న ఫిల్టర్ పెట్టాను. ఇప్పుడు గెడ్డ దాటినా గాలి పీల్చేది బానెట్ కిందనుంచి.

టో-ఇన్, అంటే ముందు చక్రాలు ముందు వైపు లోపలికి ఎంత మళ్లి ఉన్నాయో, షెడ్డులోనే కొలిచాను. రెండు టైర్లకీ పట్టీ నడిమధ్యన సుద్దతో గీత గీసి, బండిని ముందుకి తోసి నిలిపి, హబ్ ఎత్తులో గీతల మధ్య దూరం ముందు వైపు ఎంతో వెనక వైపు ఎంతో టేపుతో చూడాలి. ముందు వైపు 2 నుంచి 6 మి.మీ. తక్కువ ఉండాలి. 11 ఉంది, టై రాడ్ తిప్పి 4కి తెచ్చాను.

పరీక్షకి స్టీరింగ్ డాంపర్ విప్పేసి వెళ్లాలి. డాంపర్ ఉంచి పరీక్షిస్తే బాగైందో కప్పిపుచ్చుకుందో తేలదు. అదే ఆనందపురం రోడ్డు, అవే వంతెన జాయింట్లు, యాభై నుంచి డెబ్బై దాకా. ఒక్కసారి టక్కుమని ఊరుకుంది. వెనక్కొచ్చి డాంపర్ తగిలించాను, దాని పని గతుకు దెబ్బ చేతికి తగలకుండా చెయ్యడం.

కమాన్ కట్టల సంగతి తొందరగా చెప్పేస్తాను. షాకిల్ (కమాన్ చివరని ఛాసీకి వేలాడదీసే లంకె) రబ్బరు బుష్‌లు అన్నీ మార్చాను. వాటి నట్లు బండి జాకీ మీద ఉండగా బిగించకూడదు. బండి నేల మీద నిలబడి కమాన్లు తమ బరువుకి వంగాక బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి బిగుసుకుని ఉండి తొందరగా చీలుతుంది. యూ-బోల్టులు 6 నుంచి 8 కేజీ-మీటర్లు, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి.

కింద పడుకుని ఇదంతా చేస్తున్నప్పుడు ఛాసీ కనపడుతుంది, అప్పుడు తుప్పుని చూడనట్టు వదిలెయ్యలేం. విశాఖలో బండిని తినేది వాన కంటే సముద్రం గాలే. పెట్టెలాంటి ఛాసీలో ఉప్పు తేమ చేరితే ఆరదు, ఉప్పే తేమని పట్టి ఉంచుతుంది. జిప్సీలో చూడాల్సిన చోట్లు వెనక అడ్డ దూలం, వెనక షాకిల్ హ్యాంగర్లు, బాడీ మౌంట్లు, చాపల కింద ఫ్లోరు. చిన్న సుత్తితో తడుతూ పోతే మంచి ఇనుము మోగుతుంది, తిన్న ఇనుము బొద్దుగా పలుకుతుంది. ఎడమ వెనక హ్యాంగర్ పక్కన రూపాయి బిళ్లంత కన్నం తేలింది. దాని చుట్టూ గట్టి ఇనుము తగిలేదాకా కోసి, 3 మి.మీ. రేకు వజ్రం ఆకారంలో కత్తిరించి అతికించాం. నలుచదరం అతుకు వేస్తే నిలువు వెల్డింగ్ గీత వెంబడే ఛాసీ చీలుతుంది. కోణాలు ముందుకీ వెనక్కీ ఉంటే బలం మెల్లగా సర్దుకుంటుంది. పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాకే, బ్యాటరీ తీగలు విప్పాకే వెల్డింగ్.

రంగుకి ముందు తీగ బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాసి, ఒక రోజంతా ఆరనిచ్చి, జింకు ఎక్కువున్న, రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు వేశాను. పడవలకి వేసే రకమే ఇది. ఉదయం తొమ్మిదిన్నర దాటాక, ఇనుము మీద రాత్రి తేమ ఆరాకే వెయ్యాలి. తేమ మీద వేసిన ఎపాక్సీ పొరలా ఊడుతుంది. పెట్టె ఛాసీ లోపలికి మైనం మందు పొడుగు గొట్టంతో కొట్టించాను. వాడేసిన ఇంజను ఆయిల్ కొట్టడం పాత అలవాటు. దానివల్ల ఇనుముకి కొంత మేలున్నా బుష్‌ల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. నీళ్లు దిగే కన్నాలు మాత్రం మైనంతో మూసెయ్యకూడదు. భీమిలి వైపు ఇసుకలో దిగిన ప్రతిసారీ అదే రోజు మంచినీళ్లతో కింద కడగడం ఈ మందులన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

టైర్ల విషయంలో వెనక్కి తగ్గాను. మొదటి ఆలోచన 235/75ఆర్15. కంపెనీ టైరు 205/70ఆర్15 ఎత్తు 668 మి.మీ. 235 టైరు 733 దాటుతుంది, దాదాపు పది శాతం పెద్దది. స్పీడోమీటరు అరవై చూపిస్తుంటే బండి అరవై ఆరులో పోతుంటుంది, ఎత్తు ఎక్కే లాగుడు అదే లెక్కన తగ్గుతుంది, కింగ్ పిన్ మీద పడే దెబ్బ పెరుగుతుంది. బాడీకి తగలకుండా ఉండాలంటే పొడుగు షాకిళ్లు వెయ్యాలి. ముందు పొడుగు షాకిల్ వేస్తే యాక్సిల్ ముందుకి తిరిగి కాస్టర్ కోణం (కింగ్ పిన్‌ల వరస వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, అప్పుడు ఎంత చక్కగా ప్రీలోడ్ పెట్టినా బండి నేరుగా నిలవదు, వణుకు మళ్లీ వస్తుంది. దాన్ని సరిచెయ్యడానికి కమాన్ కట్ట కింద వాలు ముక్కలు పెట్టాలి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ లెక్కలకి భిన్నంగా మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండిని రెన్యువల్‌కి తీసుకెళ్లి చూపించాల్సిందే. 215/75ఆర్15 వేశాను. ఎత్తు 703, కింద 18 మి.మీ. అదనం, తేడా అయిదు శాతం పైచిలుకు. కమాన్లు కంపెనీ ఎత్తులోనే ఉన్నాయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినా ఎక్కడా తగల్లేదు.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత, అందులో లంబసింగి ఘాట్ రెండుసార్లు, మళ్లీ ముందు చక్రాలు లేపి చూశాను. కుడి హబ్ నట్టు చిటికెడు వదులైంది, కొత్త బేరింగు కుదురుకున్నాక ఇది మామూలే, బిగించి కొత్త లాక్ వాషర్ వేశాను. టై రాడ్ విప్పి కాటా తగిలిస్తే, బయటి సీలు రాపిడి కలిసినందువల్ల అంకె మొదటిదానికంటే ఎక్కువే చూపించింది, రెండు వైపులా దాదాపు సమానం. డిఫరెన్షియల్ ఆయిల్ పోసే ప్లగ్ తీసి వేలు ముంచితే పాల రంగు లేదు, అంటే నీళ్లు చేరలేదు. టైరు గోడలు పొడిగా ఉన్నాయి.